నల్లమట్టి పూసిన విత్తనం

18 ఆగస్టు 1974, ఆదివారం

విత్తనం తేవడానికి ఈ ఏడు నన్ను పంపుతున్నారు. సభలో ఇంకో పేరే రాలేదు. సంఘం పెద్ద మెల్చోర్ లేచి నిలబడి, "వీడు పుట్టిందే పైన, కనుమ అవతలి కసపాతలో. మనకి అక్కడ గాలి చాలదు, వీడికి ఇక్కడ గాలి ఎక్కువై పొట్ట పెరుగుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఈసారి విత్తన పొలం వంతు సెనోబియా వదినది. పైనుంచి తెచ్చిన బంగాళాదుంపలు మొదట ఒక్క పొలంలోనే వేస్తాం. అందులో పండింది వచ్చే ఏడు ఇరవై ఆరు ఇళ్లూ పంచుకుంటాయి. మా కింది నేలలో నాలుగేళ్లు వరసగా వేస్తే విత్తనం అలిసిపోతుంది, ఆ పై చలిలో పుట్టినదానికే సత్తువ. అన్నయ్య పోయాక వదినకీ ఇద్దరు ఆడపిల్లలకీ మిగిలింది ఆ ఒక్క చెక్కే. "కళ్లు బాగా ఉన్న దుంపలు చూసి తీసుకురా నికాసియో" అంది. కసపాత దుంపల గురించి నాకు చెప్పాలా? అక్కడ మా మేనత్త దమియానా ముప్పై ఏళ్లుగా మా ఊరికి విత్తనం ఏరి పెడుతోంది. బదులుగా మేం మొక్కజొన్న తీసుకెళ్తాం. అక్కడ మొక్కజొన్న మొలవదు.

19 ఆగస్టు

సముద్రం ఒడ్డున చింబోతేలో, నేను పనిచేసిన చేపపొడి ఫ్యాక్టరీ ఆఫీసు గోడకి దేశపటం వేలాడుతుండేది. సముద్రం పక్కన పసుపు చార, మధ్యలో కొండల గోధుమరంగు, వాటి వెనక అడవుల పచ్చ. గోధుమరంగు ఎత్తుకి పోయేకొద్దీ ముదురుతుంది. పన్నెండేళ్లు ఆ పసుపు చారలో బతికాను. వాన ముఖం చూడలేదు, కాళ్ల కింద ఇసుక, ముక్కు నిండా చేపల కంపు. నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, "కొండోడా" అనేవారు. ఒకరోజు ఫోర్‌మన్ "నీ ఊరెక్కడరా కొండోడా" అంటే, పటంలో అన్నిటికంటే ముదురు రంగు వెతికి దానిమీద వేలు పెట్టాను. "అక్కడ పది అడుగులు నడిస్తే మీరు కళ్లు తేలేస్తారు, మేం ఈల వేసుకుంటూ పోతాం" అన్నాను. ఆ రోజు నుంచి నా వంక కాస్త మర్యాదగా చూశారు. తిరిగొచ్చాక ఈ ఈల మాట ఊళ్లో ఎన్నిసార్లు చెప్పానో.

చేపలు మాయమై ఫ్యాక్టరీ మూతపడ్డాక అన్నయ్య కాపురమున్న ఈ ఊరికి వచ్చాను. అక్కడినుంచి తెచ్చుకున్నది ఒక్క టోపీ. నీలం రంగు, ముందర చేప బొమ్మ. ఈ చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదు.

21 ఆగస్టు

మూడు గాడిదలు, ఆరు మొక్కజొన్న మూటలు. కోకా ఆకు ఇవ్వబోయింది వదిన, నమిలితే పైన తల తిరగదని. పుట్టింటికి పోయేవాడికి మందెందుకు అన్నాను. పోతున్నాను.

27 ఆగస్టు

తెచ్చాను. మెల్చోర్ ఒక దుంప చేతిలోకి తీసుకుని మట్టి వాసన చూసి, "ఇదీ విత్తనమంటే" అన్నాడు.

దారిలో పాడైన జున్ను తిని కడుపు చెడింది. టోపీ గాలికి పోయింది. వేరే విశేషాలు లేవు.

28 ఆగస్టు

అత్త కులాసానా అని వదిన అడిగింది. కులాసా అన్నాను.

జున్ను నిజంగానే పాడైంది.

1 సెప్టెంబరు

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇక్కడైనా ఆ జున్ను మాట మానాలి.

రెండో రోజు మధ్యాహ్నం కనుమ దగ్గరికి వచ్చేశాను. బాటసారులు ఒక్కో రాయి పేర్చిపోయే గుట్ట, అపచేతా, కనిపిస్తోంది. అక్కడికి ఇంకో నూరు అడుగులుంటాయేమో. తల పగిలిపోయింది. మోకాళ్లు నావి కావన్నట్టు మడతపడ్డాయి. కక్కాను, మళ్లీ కక్కాను, కక్కడానికి ఏమీ లేకపోయినా కక్కాను. నాకు కొండ పట్టింది. సముద్రం ఒడ్డునుంచి మొదటిసారి బస్సెక్కి వచ్చినవాళ్లకి పట్టినట్టు, నాకు.

రాళ్ల వెనక టోపీ తలకింద పెట్టుకుని పడుకున్నాను. కనుమకి అవతలినుంచి కసపాత ఇళ్ల పొగ పైకి లేవడం కనపడుతోంది. లామాలు తోలుకుంటూ ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. ఎంత దగ్గరగా వెళ్లారంటే, వాళ్లు నమిలే ఆకు వాసన కూడా తెలిసింది. ఒక్క కేక వేస్తే ఆకు ఇచ్చేవారు, పట్టుకుని ఊళ్లోకి తీసుకెళ్లేవారు. వేయలేదు. నేల మీద ఇంకా అణిగి పడుకున్నాను. ఎవరి కొడుకువి అని అడుగుతారు, చెప్పాలి, ఇసుకలో ఉండి ఉండి పనికిరాకుండా పోయాడంటారు. వాళ్లు దాటిపోయాక గాడిదల్ని వెనక్కి తిప్పాను. టోపీ అక్కడే మరిచాను.

కాస్త దిగగానే తల తేలికైంది. ఒక రాత్రి అక్కడే ఆగి మర్నాడు మెల్లగా ఎక్కి ఉండొచ్చు. నాకు తెలుసు. ఎక్కలేదు. పక్క దారిన సంత ఊరికి దిగి, ఆదివారం సంతలో జొన్నంతా ఇచ్చి దుంపలు తీసుకున్నాను. అమ్మినామె నన్ను మోసం చేయలేదు. "కిందిదే బాబూ, మూడేళ్లబట్టి మా పొలంలోదే వేస్తున్నాం" అంది.

వాటికి ఎర్రమట్టి అంటుకుని ఉంది. కసపాతది నల్లమట్టి. కాలువలో ఒక్కో దుంపా కడిగాను. కడిగి, నల్లమట్టి కోసం మళ్లీ పైకి, ఊటనేల దాకా సగం కొండ ఎక్కాను. కనుమ ఎక్కలేనివాడిని మట్టి కోసం ఎక్కాను. అక్కడ కూర్చుని ఒక్కో దుంపకీ పూశాను. సాయంత్రమైంది. చేతులు ఎంత కడిగినా గోళ్లలో నలుపు పోలేదు.

12 అక్టోబరు

నాటాం. ఊరంతా వచ్చింది. వదిన ఒక దుంప మీది మట్టి గీకి చిన్న గుడ్డలో మూట కట్టుకుంది. ఎందుకని అడిగితే, "మీ అన్న పుట్టిన నేల కదా, ఇంట్లో ఉంటే మంచిది" అంది. అన్నయ్య ఫొటో పక్కన పెట్టింది.

ఆ మట్టి మట్టుకు నిజంగా పైదే. ఆ ఒక్కటీ పైదే.

20 నవంబరు

బ్రహ్మాండంగా మొలిచాయి. ఒక్కటి తప్పిపోలేదు. నేల నేలే, విత్తనం విత్తనమే, ఈ పైదీ కిందిదీ అంతా పాతకాలపు నమ్మకం అని చింబోతేలో ఒక వ్యవసాయం ఇంజనీరు అన్నాడు. అన్నాడనే గుర్తు.

అంటే ఏమీ కానట్టే.

3 డిసెంబరు

ఏమీ కాలేదు.

22 డిసెంబరు

ఆకుల అంచులు పైకి చుట్టుకుంటున్నాయి. నీళ్లు ఎక్కువై ఉంటుంది.

17 జనవరి 1975

నీళ్లు కాదు. మొక్క మోకాలు దాటలేదు, ఆకు పసుపు తిరిగి తోలులా బిరుసెక్కింది. వదిన ఒక మొదలు తవ్వి చూసింది. కింద గోలీలంత దుంపలు, నాలుగు. వాటిని అరచేతిలో పెట్టుకుని, "నేనేం తప్పు చేశాను నికాసియో? పేడ చాలలేదా?" అని నన్నే అడిగింది. "వానలు సరిగా లేవు వదినా" అన్నాను. ఈ ఏడు ఈ పిల్లలు ఏం తింటారో, వచ్చే ఏడు ఊరు ఏం నాటుతుందో తెలియదు, నేను వానల మీద పెట్టాను.

మా వైపు పొలం ఎంత అని ఎవరూ అడగరు, ఎంత ఎత్తున అని అడుగుతారు. ఎంత ఎత్తుకి ఏ పంట, ఏ మనిషి అన్నది లెక్క. నేను ఏ ఎత్తు మనిషినో తేలకుండా ఉంది.

8 ఫిబ్రవరి

దమియానా అత్త వచ్చింది.

కార్నివాల్‌కి అందరూ ముఖాలకి పిండి పూసుకుని తిరుగుతున్నారు. బయట లామాల మెడ గంటలు వినపడితే వదిన వెళ్లింది. నేను పొయ్యి పక్కన వేయించిన మొక్కజొన్నలు నములుతున్నాను. "సెనోబియా, కూర్చో తల్లీ, నీకో మాట చెప్పాలి" అంటున్న గొంతు విన్నాను. అత్త లోపలికి వచ్చింది. నల్ల శాలువా, చేతుల్లో నా నీలం టోపీ. ఉతికి, మడత పెట్టి, రెండు చేతులతో పట్టుకుంది.

నన్ను చూసింది. నోట్లో గింజలు నోట్లోనే ఉండిపోయాయి.

వదిన వెనకే వచ్చింది. "ఏం మాట అత్తా? అదేంటి, ఈ టోపీ నీ దగ్గరుందా? ఆగస్టులో మీ ఊరొచ్చినప్పుడు గాలికి పోయిందన్నాడు."

అత్త టోపీ మడత విప్పి మళ్లీ మడిచింది. తర్వాత, "ఆ, గాలికే. మా గుమ్మంలోకి కొట్టుకొస్తే ఉతికి పెట్టాను" అంది.

"మరి చెప్పాల్సిన మాట?"

"ఏముంది, లామా ఈనింది" అని, కూర్చుంది.

వదిన నీళ్లకి వెళ్లాక అత్త గొంతు తగ్గించింది. "పోయిన నెల మంద అటువైపు మారినప్పుడు గొల్లపిల్ల చూసింది దీన్ని, రాళ్ల సందున. కిందికి వచ్చినప్పుడు నీ తలమీద చూసినవాళ్లు, చేప బొమ్మ చూసి నీదే అన్నారు. మగాళ్లు మూడు రోజులు లోయలో దిగి వెతికారు. ఐదో రోజు ఏట్లో ఉతికాం. బట్టలు దొరకలేదు గనక ఇదొక్కటే ఉతికాం."

ఐదో రోజు మేం ఉతికేది చచ్చిపోయినవాళ్ల బట్టలు.

"పైకి వచ్చావా నువ్వు?" అంది.

"అపచేతా దాకా వచ్చాను."

"మరి?"

"పని పడింది అత్తా" అన్నాను. నన్ను చచ్చిపోయాడనుకుని ఏడ్చినామె ముందు కూడా నా నోట నిజం రాలేదు. అత్త తల ఊపింది. ఆ తల ఊపడం చూసి, ఆ లోయలోనే పడి ఉంటే బావుండేదనిపించింది.

10 ఫిబ్రవరి

మెల్చోర్ అత్తని పొలానికి తీసుకెళ్లాడు. నేనూ, వదినా వెంట ఉన్నాం. అత్త ఒంగి ఒక ఆకు వేళ్ల మధ్య నలిపింది. ముప్పై ఏళ్లు విత్తనం ఏరిన చేతికి చెప్పక్కర్లేదు.

"మేం నీకు మంచి జొన్న పంపాం దమియానమ్మా" అన్నాడు మెల్చోర్. కోపంగా అనలేదు, అదే కష్టంగా ఉంది. "ఇది నువ్విచ్చిన విత్తనమేనా?"

అత్త నా వైపు చూడలేదు. "నాదే. నిరుడు మా నేల బాగోలేదు. మంచు తక్కువ పడింది. నేను చూసుకోవాల్సింది" అంది.

"ముసలైపోయావు" అన్నాడు మెల్చోర్.

"అయిపోయాను" అంది.

ఆ మాటకీ ఈ మాటకీ మధ్య నేను నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. ఒక మనిషి పొలం ఈ చివరనుంచి ఆ చివరకి నడిచి రావొచ్చు, అంత సమయం.

11 ఫిబ్రవరి

పొద్దున్నే అత్త బయలుదేరింది. ఎండబెట్టిన మాంసం తెచ్చింది, మంచులో ఎండించిన దుంపలు తెచ్చింది. మెల్చోర్ మాట విని ఎవరూ వాటికి సరైన జొన్న ఇవ్వలేదు. సగం మూటతో పోతోంది. ఊరి చివర దాకా వెళ్లాను.

"ఎందుకలా చెప్పావు అత్తా?"

"ఉతికేసినవాడు ఎదురుగా నిలబడి ఉంటే నోటికి ఏదొస్తే అది వస్తుందిరా. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెప్పేదాన్ని కాదేమో. పదకొండు ఇళ్ల జొన్న అది, నా ఒక్కదానిదీ కాదు. నిరుడు జొన్న చూడలేదు మా పిల్లలు. మీకు మా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాం."

నేను లామా మీది సగం మూట ముడి బిగించాను.

"ఇప్పుడు నేను మాట మార్చను. ఈ వయసులో అబద్ధాలకోరుననిపించుకోను. మారిస్తే నువ్వు మార్చు, నీ ఇష్టం" అంది. లామాల్ని అదిలించింది. ఏటవాలులో ఆమె ఒక్కసారి కూడా ఆగి ఊపిరి తీసుకోలేదు.

14 ఫిబ్రవరి

ఎవరో ఒకరు కసపాత వెళ్లి అసలు సంగతి తెలుసుకుంటారు, అప్పుడు అదే బయటపడుతుంది. అప్పుడు చెప్పొచ్చు.

ఇది రాసి చూసుకుంటే అసహ్యం వేసింది. కొట్టేయకుండా ఉంచుతున్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

సభ. ఇక కసపాతతో ఇచ్చిపుచ్చుకోవడం వద్దని, కొండకి ఉత్తరాన ఇంకో పల్లె చూసుకుందామని మెల్చోర్ ప్రతిపాదించాడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు. వదిన ఎత్తింది. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. ఎందుకెత్తానో అడగడానికి ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు. ఎత్తకపోతే అందరూ చూస్తారని ఎత్తాను.

మెల్చోర్ లెక్కపెట్టాడు. "ఇరవై ఆరు."

"ఇరవై ఐదు" అన్నాను. చేయి దించాను.

తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. సంతలో కొన్నానన్నాను. ఎందుకని మెల్చోర్ అడిగాడు. కక్కుర్తి అని చెప్పేయొచ్చు. అది సులువు, మా ఊళ్లో కక్కుర్తిని క్షమిస్తారు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. "నాకు కొండ పట్టింది. అపచేతా దగ్గర కక్కుకుని పడిపోయాను. ఎవరైనా చూస్తారని దాక్కున్నాను" అన్నాను.

ఎవరో వెనక బెంచీలో నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. చివరికి సభంతా నవ్వింది. "ఈల వేసుకుంటూ పోతానన్నావే" అన్నారు. ఈ నవ్వుకి భయపడే ఇంత చేశాను. అది వచ్చింది, ఒక నిమిషం ఉంది, ఆగిపోయింది. తర్వాత వాళ్లు నవ్వడం మానేసి చేసినదాని గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. ఇది మొదటిదానికంటే ఘోరం.

మట్టి సంగతి కూడా చెప్పాను. కాలువలో కడగడం, ఊటనేల దాకా ఎక్కడం, అంతా. అప్పటిదాకా నన్నే చూస్తున్న వదిన అక్కడ తల దించుకుంది. మళ్లీ ఎత్తలేదు.

తీర్మానం మార్చి రాశారు. కసపాత పదకొండు ఇళ్లకీ మా ప్రతి ఇంటినుంచీ జొన్న వెంటనే వెళ్లాలి, ఆగస్టుదాకా ఆగకూడదు. తీసుకెళ్లేది నేను కాదు. ఐదేళ్లు ఏ పనికీ నా పేరు పలకరు. ఎవరు వెళ్తారని అడిగితే వదిన లేచింది. మన ఊరి ఆడది ఒక్కతే కనుమ దాటడం ఎప్పుడూ లేదన్నారు. "మగాడు దాటింది చూశాంగా" అంది.

18 ఫిబ్రవరి

వదిన నాతో మాట్లాడటం లేదు. గిన్నె ముందు పెడుతుంది, వెళ్లిపోతుంది. ఫొటో పక్కన గుడ్డమూట లేదు.

21 ఫిబ్రవరి

ఇది రాత్రి కాకముందే రాయాలి.

19న తెల్లవారుజామున, బయలుదేరేవేళ వాన. గాడిదల్లో ఒకటి కుంటుతోంది, దాని వంతు మూట ఒకటి మిగిలిపోయింది. వదిన దాన్ని తన వీపుకి ఎత్తుకోబోతుంటే తీసుకుని నా వీపుకి కట్టుకున్నాను. రమ్మనలేదు, వద్దనలేదు. గాడిదల్ని తోలుకుంటూ ముందు నడిచింది. రెండు రోజులు ఆమె వీపు చూస్తూ నడిచాను. జొన్న చేలు దాటాం, దుంప పొలాలు దాటాం. గడ్డి తప్ప ఏదీ మొలవని చోటికి వచ్చాక ఆమె ఆకు తీసి నమిలింది. నాకు ఇవ్వలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఊటనేల దాటి ఒక గంట నడిచాను. అదే తల, అవే మోకాళ్లు. పక్కన రాళ్లున్నాయి, వాటి వెనక్కి వెళ్లొచ్చు. ఎదురుగా దారిలో కసపాతనుంచి కిందికి దిగే మందొకటి వస్తోంది, దానివెంట మనుషులు. నేను దారి మధ్యలోనే నిలబడ్డాను.

"వదినా" అని పిలిచాను. ఆమె ఆగింది. "నాకు కొండ పట్టింది. ఇక రాలేను."

మంద తోలేవాళ్లకి వినపడేంత గట్టిగా అన్నాను. వాళ్లు నిలబడి చూశారు. వదిన వెనక్కి నడిచి వచ్చింది. నా భుజం మీద ముడి విప్పి మూట తీసుకుంటోంది. నేను మోకాళ్ల మీద కూర్చుండిపోయాను, కడుపులోంచి వస్తోంది.

"అటు తిరుగు, జొన్న మీద కక్కేవు" అంది.

నాలుగు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. అటు తిరిగాను.